రెండు హెచ్‌ల వర్షిత

పుణ్యవతి మేడంకి కోపం ఎక్కువని రాయదుర్గం బస్తీలో పిల్లాజెల్లా అందరికీ తెలుసు. ఆ కోపం ఎక్కణ్ణుంచి వస్తుందో మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అడిగితే ఆవిడ చెప్పేది. పొద్దున ఆరున్నరకు ప్రగతి నగర్‌లో ఇల్లు వదలాలి. ఆటోలో జేఎన్‌టీయూ దాకా వచ్చి మెట్రో ఎక్కాలి. మూసాపేట దాటేలోగా సీటు దొరికితే ఆ రోజు మంచిరోజు. అమీర్‌పేటలో ఇంకో బండి మారి, రాయదుర్గంలో దిగి, మెడలో కార్డులు వేసుకుని పరుగెత్తే కుర్రకారుకు అడ్డం రాకుండా సందులోకి నడిచి, బడి తాళం తీయాలి. తాళం తీసేదీ ఆవిడే, గంట కొట్టేదీ ఆవిడే, ఐదు తరగతులకు పాఠం చెప్పేదీ ఆవిడే. రెండో టీచరు పోస్టు మూడేళ్లుగా ఖాళీ. యాభై ఏడేళ్ల మనిషికి ఇంత పని చెప్పి, పైగా శాంతంగా ఉండమంటే ఎలా?

అది ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. రెండు గదులు, ఒక వరండా. చుట్టూ మూడువైపులా అద్దాల మేడలు లేచాయి. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎదుటి మేడ అద్దాల మీద పడిన ఎండ తిరిగివచ్చి బడిలో నల్లబల్ల మీద పడుతుంది. అప్పుడు బోర్డు మీద ఏం రాసినా కనబడదు. ఎండ రెండువైపుల నుంచీ కొట్టే బడి జిల్లా మొత్తంలో ఇదొక్కటేనని పుణ్యవతి పై ఆఫీసుకు రాసింది. కర్టెన్లకు నిధులు లేవని జవాబు వచ్చింది. ఆవిడ తన పాత నేత చీర తెచ్చి కిటికీకి కట్టింది.

ఆ బడిలో ముప్పై మంది పిల్లలు. సరిగ్గా ముప్పై. ఆ అంకె ఆవిడకు నిద్రలో కూడా గుర్తుంటుంది, ఎందుకంటే ముప్పైకి ఒక్కరు తగ్గినా బడిని పక్క బడిలో కలిపేస్తామని ఉత్తర్వు ఉంది. పక్క బడి అన్నారు గాని అది పక్కన లేదు. మూడు కిలోమీటర్ల అవతల, ఎనిమిది వరుసల రోడ్డు దాటి, ఫ్లైఓవరు కింద నుంచి వెళ్లాలి. వాచ్‌మన్ల పిల్లలు, హౌస్‌కీపింగ్ వాళ్ల పిల్లలు, తాపీపనివాళ్ల పిల్లలు. పొద్దున ఆరింటికే తల్లులు పనికి పోతారు. ఆరేళ్ల పిల్లను ఆ రోడ్డు దాటించేది ఎవరు? బడి మూసేస్తే సగం మంది ఇంట్లోనే ఉండిపోతారని పుణ్యవతికి తెలుసు. తెలిసి చెబితే వినేవాళ్లే లేరు.

జూన్‌లో బడులు తెరిచిన వారానికి ఫీజు చీటీ వచ్చిపడింది.

కాగితాల్లో దాని పేరు వోచర్. పేదపిల్లలు ప్రైవేటు బడిలో చేరితే ఫీజు ప్రభుత్వమే కడుతుంది. ట్రస్టు బడైనా, మఠం బడైనా, మిషన్ బడైనా ఫరవాలేదు. బస్తీలో వాళ్లకు వోచర్ అని నోరు తిరక్క చీటీ అన్నారు. చీటీ అనగానే సగం మంది తల్లులు నెలనెలా కట్టాలేమో, పాట పాడి ఎత్తుకోవాలేమో అనుకుని పుణ్యవతి చుట్టూ చేరారు. ఈ పథకం గురించి తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయులే వివరించాలని ఉత్తర్వులో ఉంది మరి. ఆ వారమే బడిబాట కూడా నడుస్తోంది. అంటే పొద్దున ఇంటింటికీ తిరిగి మీ పిల్లల్ని సర్కారు బడికి పంపండమ్మా అని చెప్పాలి, సాయంత్రం అవే ఇళ్లకు తిరిగి ప్రైవేటు బడికి ఎలా పంపాలో చెప్పాలి. రెండూ ఆవిడే చెప్పాలి. చెప్పింది. చెబుతున్నంతసేపూ ఒళ్లు మండిపోయింది.

బుధవారం సరిత వచ్చింది. అద్దాల మేడల్లో ఒకదానిలో ఆమెది హౌస్‌కీపింగ్ ఉద్యోగం. ఆమె కూతురు వర్షిత మూడో తరగతి. రెండో టీచరు పోస్టు ఖాళీ అని కాగితాల్లో ఉంది గాని, నిజానికి ఎనిమిదేళ్ల వర్షిత ఆ పోస్టులో పనిచేస్తోంది. పుణ్యవతి ఐదో తరగతికి భిన్నాలు చెప్పేటప్పుడు ఒకటో తరగతి పిల్లలకు అఆలు దిద్దించేది వర్షితే. దినపత్రిక ఇస్తే తడబడకుండా చదువుతుంది.

"మేడం, టీసీ గావాలె," అంది సరిత గుమ్మంలోనే నిలబడి.

"ఎవరికమ్మా?"

"మా వర్షితకు. చీటీ వచ్చింది మేడం. కొండాపూర్ దిక్కు స్వామీజీ ట్రస్టు బడి ఉంది గదా, అండ్ల సీటు ఇచ్చిన్రు."

పుణ్యవతి చేతిలోని సుద్దముక్క విరిగింది. "ఇక్కడ నేను చెప్పడం లేదూ? నీ కూతురికి ఏం తక్కువ చేశాను చెప్పు!"

"మీరు మంచిగనే చెప్తున్నరు మేడం. గాని మీరొక్కరే గదా. అయిదు క్లాసులకు ఒక్కరు. నా బిడ్డ చదువుకోవాలెనా, చిన్నపిల్లలకు చదువు చెప్పాలెనా?"

పుణ్యవతి గొంతు పెంచింది. "ఆ ట్రస్టుకు కట్టే ఫీజులతో నాకు ఇంకో టీచర్ని ఇవ్వచ్చు కదా! ఒక్క టీచరు! మూడేళ్లుగా అడుగుతున్నాను!"

"ఇయ్యలేదు గద మేడం," అంది సరిత నెమ్మదిగా. "ఇచ్చేదాంక నా బిడ్డ ఆగుతదా? ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుర్రి. మీ మనవరాలు ఏ బడికి వోతది?"

మనవరాలు నీహారిక గుర్రపుస్వారీ నేర్పే ఇంటర్నేషనల్ స్కూల్లో చదువుతోంది. కిందటేడు నీహారిక గుర్రమెక్కిన ఫోటోను ఫోన్లో సరితకు మురిపెంగా చూపించింది తనే. ఆ మాటకొస్తే కొడుకు రవికిరణ్‌ను కూడా ఏనాడూ సర్కారు బడికి పంపలేదు. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో చెప్పింది, సొంత బిడ్డను మాత్రం ఆ గుమ్మం తొక్కనివ్వలేదు. సరితకు ఏ మొహం పెట్టుకుని వద్దని చెబుతుంది? టీసీ రాసి సంతకం పెట్టి ఇచ్చింది.

అంతటితో అయిపోతే బాగుండేది. కాగితం మీద ఇచ్చిన టీసీని కంప్యూటర్లో కూడా ఎక్కించాలి. ఎక్కించబోతే పేరు సరిపోలడం లేదంది. నాలుగుసార్లు కొట్టింది. నాలుగుసార్లూ అదే మాట. ఐదోసారి పక్కపక్కన పెట్టి చూసుకుంటే తెలిసింది. ఆధార్ కార్డులో, చీటీలో ఉన్న వర్షితకు ఇంగ్లీషులో రెండు హెచ్‌లు. షకు ఒకటి, తకు ఒకటి. బడి రికార్డులో ఉన్న వర్షితకు ఒక్కటే. తకు హెచ్ లేదు.

తీసేసింది ఎవరో కాదు, పుణ్యవతే. పిల్లను ఒకటో తరగతిలో చేర్చుకున్న రోజు ఆధార్ కార్డు చూసి, "తకు హెచ్ ఎందుకు పెడతారర్రా, అది థ అవుతుంది కదా, మన తెలుగువాళ్లకు ఈ జబ్బు ఎప్పుడు వదులుతుందో," అని గొణుక్కుంటూ దిద్దేసింది. ముప్పై ఏళ్లుగా ఎర్రకలం పట్టిన చెయ్యి. తప్పు కనబడితే ఆగదు. ఆధార్ అనేది దిద్దకూడని పుస్తకమని ఆ చేతికి తోచలేదు.

ఫలితం ఏమిటంటే, రెండు హెచ్‌ల వర్షిత ట్రస్టు బడిలో చేరిపోయింది. ఒక్క హెచ్ వర్షిత సర్కారు బడి జాబితాలోనే ఉండిపోయింది. బడి లెక్క ముప్పై అలాగే నిలిచింది.

"మంచిదే కదా," అన్నాడు భర్త విశ్వేశ్వరరావు, రాత్రి భోజనం దగ్గర. ఆయన విద్యుత్ శాఖలో రిటైరయ్యాడు. ఏ విషయమైనా పెరుగన్నంలోకి వచ్చేసరికి తేల్చేయడం ఆయన అలవాటు. "ఆ హెచ్ పుణ్యమా అని నీ బడి నిలబడింది. ఊరుకోరాదూ?"

"రోజూ పేరు పిలవాలండీ. పిలిస్తే ఎవరూ పలకరు. మిగతా పిల్లలందరూ తలలు తిప్పి నా మొహం చూస్తారు. లేని పిల్లను ఉందని చెప్పి బడి నిలబెట్టుకోమంటారా?"

"నేనేం అనలేదు బాబూ," అని ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

ఆవిడ ఊరుకోలేదు. ఉత్తరం రాసింది. జవాబు లేకపోతే మరొకటి రాసింది. మూడో దానికి మండల విద్యాశాఖ ఆఫీసుకు తనే వెళ్లింది. అక్కడ కంప్యూటర్ దగ్గర ఉండే కుర్రాడి పేరు గిరీష్. ప్రొద్దుటూరు వైపు నుంచి వచ్చాడు. మంచివాడే, అదే పెద్ద చిక్కు. అరవడానికి కూడా మనసు రాదు.

"నన్నేం చేయమంటారు మేడమ్, సిస్టమ్ తీసుకోవడం ల్యా. ఇద్దురు పిల్లోల్లు అంటాంది."

"ఇద్దరెక్కడ నాయనా, ఒక్కతే పిల్ల. హెచ్ ఒకటి ఎక్కువైంది, అంతే."

"అదే మేడమ్. షలో హెచ్ గాదు, తలో హెచ్."

"నా తలలో కూడా అదే తిరుగుతోంది, తీసెయ్!"

"లెటర్ పెట్టండి మేడమ్. పైకి పంపిస్తా."

ప్రతి నెలా రెండు చొప్పున, కోపం ఎక్కువైన నెలలో మూడు చొప్పున, దసరా నాటికి పదకొండు ఉత్తరాలయ్యాయి. ప్రతి ఉదయం నీరటి వర్షిత అని ఇంటిపేరుతో సహా పిలవడం, ఒక్క క్షణం ఆగడం, గైర్హాజరుకు గుర్తుగా గై అని రాయడం. ఒకటో తరగతి పిల్లలు అఆలు దిద్దించేవాళ్లు లేక వరండాలో కొట్టుకుంటున్నారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక పుణ్యవతి అందరి మీదా తెచ్చుకుంది.

దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు, తల వంచుకుని హాజరు వేస్తూ, "నీరటి వర్షిత," అని గై రాయబోయింది.

"ప్రజెంట్ మేడం."

కలం ఆగిపోయింది. మూడో వరుసలో తన పాత చోటులో వర్షిత కూర్చుని ఉంది. గుమ్మం దగ్గర సరిత నిలబడి ఉంది.

సరిత చెప్పడానికి చాలాసేపు తీసుకుంది. ట్రస్టు బడివాళ్లు చెడ్డగా ఏమీ మాట్లాడలేదట. అమ్మా అనే పిలుస్తారట. కాకపోతే చీటీ పిల్లలకు వేరే బ్యాచ్. ఫీజు కట్టే పిల్లలు ఇళ్లకు పోయాక రెండింటికి మొదలు. పైన ప్రార్థన హాల్లో కూర్చోబెట్టి ఒక గంట శ్లోకాలు, తర్వాత టీవీలో పాఠం. టీవీ పెట్టి టీచరు కిందికి పోతుంది. పుస్తకాలు చీటీలో రావట. పేర్లు పిలవరు, నంబర్లు. వర్షిత నంబరు వీ ఫోర్.

"అవన్నీ ఓర్చుకున్న మేడం. చదువు ఇయ్యాల గాకపోతే రేపు వస్తది అనుకున్న. మొన్న మీటింగుకు పిలిస్తే వోయిన. ముందటి గేటు కాడ వాచ్‌మన్ ఆపి, చీటోళ్లు ఎనక గేటు నుంచి రావాలె అన్నడు." సరిత కొంగుతో మొహం తుడుచుకుంది. "నేను దినాం మా ఆఫీసుల సామాన్ల లిఫ్టుల వోత మేడం. ముందటి లిఫ్టు ఎక్కనియ్యరు. గది నా నౌకరి, ఏం జేస్తం. నా బిడ్డకు గూడ ఎనక గేటేనా?"

నేను ముందే చెప్పలేదూ అనే మాట పుణ్యవతి నాలుక చివరిదాకా వచ్చింది. గుర్రం ఫోటో గుర్తొచ్చి వెనక్కి పోయింది. వర్షితను దగ్గరికి పిలిచి ఏం నేర్చుకున్నావే అని అడిగింది. ఆ పిల్ల చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, గుక్క తిప్పుకోకుండా పన్నెండు శ్లోకాలు చెప్పింది. ఒక్క ఒత్తు తప్పలేదు. ప్రతి శుక్రవారం పూజ దగ్గర అవే శ్లోకాలు చదువుకునే పుణ్యవతికి ఆ గొంతు వింటే ఒళ్లు పులకరించింది.

"అర్థం చెప్పారా?"

"చెప్పలే మేడం. తప్పు వోకుంట చదువుమన్నరు."

పుణ్యవతికి మళ్లీ ఒళ్లు మండింది. దేవుడి పేరు మీద పిల్లల్ని తీసుకుని, వాళ్లను దేవుడి హాల్లోనే కూర్చోబెట్టి, దేవుడి ఎదుటే నంబర్లు పెట్టి పిలవడానికి వీళ్లకు నోరెలా వచ్చింది? ఈ పిల్లను ఇలా కూర్చోబెట్టినందుకు ప్రభుత్వం వాళ్లకు ఫీజు కడుతోంది, ఇక్కడ కిటికీకి గుడ్డముక్క ఇవ్వనంటోంది.

ఆ శుక్రవారమే గిరీష్ ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం తన్నుకొస్తోంది. "మేడమ్, మీ పని అయిపాయ! పదకొండు లెటర్లకు ఇప్పుడు ఫలితం వచ్చె. రెండు పేర్లూ ఒకటి చేసేసినారు. రెండు హెచ్‌ల వర్షిత, ట్రస్టు బడి. మీ దాంట్లో ఆ పేరు పోయింది. ఇంగ మీకు తలనొప్పి ల్యా."

"నాయనా, ఆ పిల్ల ఇక్కడికి వచ్చేసింది. వెనక్కి మార్చు."

"వెనక్కా? అయితే మళ్లా లెటర్ పెట్టండి మేడమ్."

పుణ్యవతి ఫోన్ పెట్టేసి రెండు చేతులతో నెత్తి పట్టుకుంది. బడి లెక్క ఇరవై తొమ్మిది. సాయంత్రంలోగా విలీన ప్రతిపాదన దానంతటదే తయారైపోయింది. టీచర్ని ఇవ్వడానికి మూడేళ్లు కూడా సరిపోని ప్రభుత్వానికి బడి మూయడానికి ఒక్క పూట సరిపోయింది.

సోమవారం తనిఖీ అధికారి సోమేశ్వరరావు వచ్చాడు. రిటైర్మెంటుకు నాలుగు నెలలున్నాయని ఆయన ముఖమే చెబుతోంది. పిల్లల్ని లెక్కపెట్టాడు. ఫోన్ చూశాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"ముప్పై మంది ఉన్నారేంటండీ? నా దగ్గర ఇరవై తొమ్మిది పేర్లే ఉన్నాయి."

పుణ్యవతి మొదటినుంచీ చెప్పింది. ఆయన అడ్డుతగలకుండా విని, సంచీలోంచి ఫైలు తీశాడు. అందులో ఆవిడ దస్తూరీ, గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా. పైకి చదివాడు. "'వర్షిత అను విద్యార్థిని ఈ పాఠశాలలో చదువుటలేదు. దయచేసి ఆమె పేరును వెంటనే తొలగించగలరని మనవి.' ఇలాంటివి పదకొండున్నాయి మేడం. ఇంత స్పష్టంగా మీరే రాస్తే మేమేం చేయగలం చెప్పండి?"

"ముప్పై తలలు కళ్లెదుట కనబడుతున్నాయి కదండీ!"

"తలలు కాదండీ, పేర్లు లెక్క. ఈ పాప ఆ బడి పాపే. ట్రస్టువాళ్లు టీసీ ఇస్తేనే ఇటు మారుతుంది, ఏడాది మధ్యలో వాళ్లు ఇవ్వరు. పైగా అక్కడ రోజూ హాజరు కూడా పడుతోంది. ఇదిగో, మొన్న హాజరు, నిన్న హాజరు."

"నిన్న ఆదివారమండీ."

సోమేశ్వరరావు ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

వరండాలో వర్షిత ఒకటో తరగతి పిల్లల చేతులు పట్టుకుని దిద్దిస్తోంది. ఆయన కాసేపు అటే చూసి ఆ పిల్లను పిలిచాడు. "నీ పేరేంటమ్మా?"

"నీరటి వర్షిత సార్."

"ఇంగ్లీషులో రాయి."

వర్షిత నల్లబల్ల దగ్గరికి వెళ్లి మునివేళ్ల మీద నిలబడి పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. ఆయన ఒక్కో అక్షరం ఫోన్లో కొట్టుకుంటూ చివర్లో ఆగాడు. "తకు హెచ్ పెట్టలేదేం?"

"మా మేడం వద్దన్నరు సార్. అది త. థ గాదు."

పుణ్యవతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కిటికీకి కట్టిన చీర సర్దుతున్నట్టు అటు తిరిగింది.

"ఇలాంటి పేరుతో ఏ బడిలోనూ ఎవరూ లేరండీ," అన్నాడు సోమేశ్వరరావు, ఫోన్ జేబులో పెట్టుకుంటూ. "ఏ బడిలోనూ లేని పిల్ల కనబడితే చేర్చుకోవలసిన బాధ్యత మీది. ఆధార్ తర్వాతైనా ఇవ్వచ్చు, నిబంధనల్లో ఉంది. నేను బయట నీళ్లు తాగి వస్తాను. నేను వచ్చేలోగా రిజిస్టర్ సరిగా ఉంటే, ఉన్నదే రాసుకుంటాను."

"బయట ట్యాంకు పగిలి రెండేళ్లయిందండీ," అంది పుణ్యవతి, ఆ పరిస్థితిలో కూడా ఆగలేక.

"అయితే తాగినట్టు నిలబడి వస్తాను," అని ఆయన వెళ్లాడు.

పుణ్యవతి ప్రవేశాల రిజిస్టర్ తెరిచింది. ముప్పై ఏళ్లలో ఒక్క అక్షరం తెలిసి తప్పు రాయని చెయ్యి. ఇప్పుడు తెలిసి రాయాలి. రాస్తే బడి నిలుస్తుంది. ఈ ముప్పై మందీ ఆ ఎనిమిది వరుసల రోడ్డు దాటనక్కర్లేదు. రాస్తే, ట్రస్టువాళ్లు మాత్రం రెండు హెచ్‌ల వర్షిత పేరు మీద ఏడాదంతా ఫీజు తీసుకుంటూనే ఉంటారు, ఇక ఆవిడ నోరెత్తి ఒక్క ఉత్తరం రాయడానికి ఉండదు. ఎవరి నోరు మూయిస్తున్నారో చూడండి, అనుకుని పళ్లు నూరింది. పళ్లు నూరుతూనే రాసింది. నీరటి వర్షిత, మూడవ తరగతి, కొత్త ప్రవేశం. ఇంగ్లీషు గడిలో తకు హెచ్ లేకుండా.

సోమేశ్వరరావు వచ్చి ముప్పై అని రాసుకున్నాడు. వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఒక్క ఉపకారం చేయండి మేడం, ఉత్తరాలు రాయకండి," అన్నాడు.

రెండు కావస్తోంది. ఎదుటి మేడ మీంచి ఎండ తిరిగివచ్చి చీర అంచు పక్కనుంచి బోర్డు మీద పడుతోంది. వర్షిత బల్ల దగ్గరికి వచ్చి రిజిస్టర్లో తన పేరు వేలు పెట్టి చదువుకుంది.

"మేడం, మరి ఆ బడిల గూడ వర్షిత ఉన్నదంటున్నరు గదా. ఆమె ఎవరు?"

పుణ్యవతి రిజిస్టర్ మూసింది.

"నీకంటే బుద్ధిమంతురాలమ్మా. ఆదివారం కూడా బడికి వెళ్తుంది."